ఐదో అధ్యాయం

వైవా పదకొండింటికి. ఆమె పదింటికే వచ్చి సెమినార్ గది బయట బెంచీ మీద కూర్చుంది.

అటెండరు తాళం తీస్తూ పలకరించాడు. "ఇవాళ వైవా మీదేనామ్మా?"

"మాదేనండి."

"కాసిన్ని నీళ్ళు తాగి వెళ్ళండి. మొన్నొకాయన మొదటి ప్రశ్నకే కళ్ళు తిరిగి పడ్డాడు. రెండో ప్రశ్నకి లేపాం."

నవ్వాలి కాబోలు అనుకుంది. కాస్త ఆలస్యంగా నవ్వింది.

ఆమె డీటీపీ సెంటర్లో పనిచేస్తుంది. అద్దె ఒప్పందాలూ, విజిటింగ్ కార్డులూ కొట్టే చేతులు. ఒళ్ళో ఉన్న మూడొందల పేజీల సిద్ధాంత గ్రంథాన్ని టైపు చేసిందీ ఆ చేతులే. గోతిక్ నవలలు, రొమాంటిక్ కవిత్వం. పాడుబడ్డ మేడలు, తాళాలు వేసిన గదులు, వెన్నెలతో కబుర్లు చెప్పుకునే కవులు. మొదట్లో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఐదేళ్ళు తిరిగేసరికి అంతా కంఠతా వచ్చేసింది.

గైడు మేడమ్ వచ్చి పక్కన కూర్చుంది. "ఇవాళ ఒప్పుకోకపోతే ఫైలు మూసేస్తారు. ఇంకో అవకాశం ఉండదు. మీకు తెలిసింది తెలిసినట్టు చెప్పండి, భయపడకండి."

భయం వెయ్యలేదు. కొంతకాలంగా ఆమెకు ఏదీ వెయ్యడం లేదు, ఆకలితో సహా.

లోపలికి వెళ్ళగానే ముగ్గురు పరీక్షకులూ లేచి నిలబడ్డారు. ఆమె కూర్చున్నాకే కూర్చున్నారు.

"గోతిక్ నవలల్లో చనిపోయినవాళ్ళు ఎందుకు తిరిగొస్తారు?" పెద్దాయన మెల్లగా అడిగాడు.

"భయపెట్టడానికి కాదండీ. ఉన్నవాళ్ళు వాళ్ళ గది ఖాళీ చెయ్యరు కాబట్టి." బస్సుల వేళలు చదివినట్టు చెప్పింది. "నూట పన్నెండో పేజీ."

"మరి రొమాంటిక్ కవులకీ వీళ్ళకీ తేడా?"

"కవులు దుఃఖాన్ని కొండలకీ వాగులకీ చెప్పుకుంటారండి. ఇక్కడ వినడానికి ఇల్లొక్కటే ఉంటుంది."

ప్రశ్నలు అలా గంటసేపు సాగాయి. ఎక్కడా తడుముకోలేదు.

అప్పటిదాకా నోరు విప్పని కుర్ర పరీక్షకుడు చివరి పేజీలు తిప్పాడు. "ఐదో అధ్యాయం తొమ్మిది పేజీలే. అదీ వాక్యం మధ్యలో ఆగిపోయింది. పూర్తి చేసి ఉండొచ్చు కదండీ?"

గైడు మేడమ్ పక్క కుర్చీలోంచి ముందుకు వంగింది.

"చెయ్యబుద్ధి కాలేదండీ," అందామె. "అక్కడిదాకానే ఉంది."

 అతను గ్రంథం మూసి, పెన్ను మూత తీశాడు. కాగితం ముగ్గురి చేతులూ మారింది. మూడు సంతకాలు పడ్డాయి.

"డాక్టరేటు ఇస్తున్నాం," అన్నాడు పెద్దాయన.

గైడు మేడమ్ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆమె మాత్రం "సరేనండి" అని, గ్రంథాన్ని సంచిలో పెట్టుకుని లేచింది.

పెద్దాయన గుమ్మం దాకా వచ్చాడు. చేతిలో కాగితాన్ని రెండుసార్లు మడిచాడు. అప్పుడు అడిగాడు.

"పట్టాలో మీ అమ్మాయి పేరుకి ముందు కీర్తిశేషురాలు అని వెయ్యమంటారా, వద్దా అమ్మా?"