ఏటి ఒడ్డు సైకిలు దారి

వరదానం ఉన్నట్టుండి తొక్కడం ఆపేశాడు.

“మళ్లీ ఏమైందండీ?” వంటింట్లోంచి అడిగింది దయావతి.

“ఆవులు అడ్డమొచ్చాయి.”

సౌదీ అరేబియాలో, యాన్బు పట్నంలోని ఆ ఫ్లాట్లో ఆవులు ఉన్నది టీవీలో. దయావతి నర్సుగా చేస్తున్న ఆసుపత్రిలో ఇంగ్లిషు డాక్టరొకాయన స్వదేశానికి వెళ్లిపోతూ, తన వ్యాయామం సైకిలునూ, వాళ్ల ఊరి ఏటి ఒడ్డు సైకిలు దారుల వీడియో సీడీనీ ఆమెకు ఇచ్చి వెళ్లాడు. దాంతో భర్తకు షుగరు తగ్గుతుందని ఆమె ఆశ.

“నిన్న బాతులు, ఇవాళ ఆవులు! ఇలాగైతే షుగరెప్పుడు తగ్గుద్దండీ? దిగండి, నే చూపిస్తా.”

దయావతి వచ్చి, తనే ఎక్కి తొక్కసాగింది. ఆవులు తప్పుకున్నాయి. వంతెన దాటింది. ఏరు మలుపు తిరిగితే, నవ్వుతూ తనూ అటే ఒరిగింది.

వరదానం నోరు తెరిచాడు. “నీకు సైకిలొచ్చా?”

“నర్సింగు స్కూలుకి రోజూ కాలవగట్టు మీద సైకిలేగా! ఇక్కడ ఆడాళ్లని రోడ్డు మీద తొక్కనివ్వరుగా. పదేళ్లయిపోయింది.”

పదేళ్లలో ఆ ముక్క తానెన్నడూ అడగలేదు. వరదానం పడగ్గదిలోకి వెళ్లి, టేబులు ఫ్యాను తెచ్చి ఆమెకు ఎదురుగా పెట్టి స్విచ్చి వేశాడు. ఆమె చున్నీ వెనక్కి ఎగిరింది.

“ఇదేంటండీ?”

“ఏటిగాలి. ఆపకు, పోనియ్!”