సీమ నుంచి వచ్చిన గౌను

"ఒక్క మాట. అంతే కదా. ఏదీ, చెప్పు," అంది ప్రేమలత.

"డొరతి," అంది చెల్లెలు భాగ్యవతి.

"ఇంకోసారి."

"డొరతి."

పొద్దున్నుంచి ఇది పదోసారి. గుడి మొదటి గంట అయిపోయింది. ప్రేమలత మంచం మీద నెల రోజుల బిడ్డకు గౌను తొడుగుతోంది. తెల్లటి లేసు గౌను. బిడ్డ పాదాలు దాటి ఇంకా మూరెడు ఉంది.

ఆ గౌను ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడి ఒక గుడీ, సూర్యాపేటలోని ఈ గుడీ జతకట్టి నాలుగేళ్లయింది. వాళ్ల కోసం వీళ్లు, వీళ్ల కోసం వాళ్లు ప్రార్థన చేసుకుంటారు. ఏడాదికోసారి ఓడలో పార్సెల్ వస్తుంది. పాత కోట్లు, బొమ్మల కార్డులు, పాలపొడి డబ్బాలు. ఈసారి ఈ గౌను, దానితో ఒక ఉత్తరం. ముప్పై ఏళ్లు వాళ్ల స్త్రీల సమాజాన్ని నడిపిన డొరతి అనే ఆవిడ పోయిందట. పోయేముందు కుట్టిందట. దీన్ని తొడుక్కునే మొదటి ఆడపిల్లకు ఆవిడ పేరు పెట్టమని అడిగారు. కురుస్తున్న గుడి కప్పు మార్పించడానికి సాయం చేస్తామన్న మాట కూడా ఆ ఉత్తరంలోనే ఉంది.

గుడి పాస్టరు గురవయ్య అయ్యగారు వెంటనే జవాబు రాసేశారు. మా సంఘపెద్ద ఈదయ్యకు పెళ్లయిన పదకొండేళ్లకు ఆడపిల్ల పుట్టింది, డొరతి అనే పేరు పెడుతున్నాం, ఫోటో పంపుతాం అని.

"ఇంకా తెమలలేదా? రెండో గంట కొడుతుండ్రు," అంటూ ప్రేమలత అత్త, ఈదయ్య తల్లి బాలనర్సమ్మ గదిలోకి వచ్చింది. వచ్చి ముక్కు ఎగబీల్చింది. "మల్లెపూల వాసన గుప్పుమంటుంది. తలల జూస్తె ఒక్క పువ్వు లేదు. సెంటు గిట్ల కొట్టుకున్నవా భాగ్యమ్మా?"

"లేదత్తమ్మా."

"కొట్టుకుంటె తప్పేంది? పెండ్లి కావాల్సిన పిల్లవు."

భాగ్యవతి పైట సర్దుకుంది.

బాప్తిస్మమప్పుడు బిడ్డను ఎత్తుకుని, అయ్యగారు అడగ్గానే పేరు పలకాల్సింది జ్ఞానతల్లి. ప్రేమలత అయ్యగారి భార్యను అడుగుదామనుకుంది. అత్తగారు ఒప్పుకోలేదు. "నీ కాన్పుకని కోదాడల ఐదు నెల్లు నీ ఎంబడి ఉన్నదెవరు? అమ్మగారా? నీ చెల్లె! గా పిల్లకు గీ మర్యాదన్న చెయ్యకపోతె ఎట్ల?" అంది. ప్రేమలతకు ఒప్పుకోక తప్పలేదు.

మర్నాడు భాగ్యవతి మిర్యాలగూడ వెళ్లిపోతుంది. అక్కడి ఆడపిల్లల హాస్టల్లో బావ ఈదయ్య పంతులమ్మ ఉద్యోగం చూశాడు. సెలవులకు కోదాడలో అమ్మ దగ్గరికి పోతే చాలు, ఇక్కడిదాకా రానక్కర్లేదులే అని అక్క ముందే చెప్పింది. సరేనంది భాగ్యవతి. ఈమధ్య దేనికైనా సరేననే అంటోంది.

గుడి నిండిపోయింది. గౌను చూడటానికి వెనక చాపల మీది ఆడవాళ్లు మోకాళ్ల మీద లేచారు. రాతి తొట్టి పక్కన భాగ్యవతి బిడ్డను ఎత్తుకుని నిలబడింది. గౌను బరువు తెలుస్తోంది. బిడ్డ బరువు తెలియడం లేదు. కప్పు మీది తడిమరక ఒకటి నీళ్లలో కనబడుతోంది. దాన్నే చూస్తోంది.

"సాతానును, వాని క్రియలన్నిటిని విసర్జించుచున్నావా?"

"విసర్జించుచున్నాను."

ఇంకేవో అడిగారు. పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. గొంతు ఎక్కడా తడబడలేదు.

"ఈ శిశువునకు పేరు పెట్టుడి."

ముందు బెంచీలో ప్రేమలత పెదవులు కదిలాయి.

"రిబ్కా," అంది భాగ్యవతి.

గురవయ్యగారి చెయ్యి అప్పటికే నీళ్లలో ఉంది. ఇరవై ఏళ్ల అలవాటు. విన్న పేరునే పలికి తండ్రి నామమున, కుమారుని నామమున, పరిశుద్ధాత్మ నామమున మూడుసార్లు నీళ్లు పోసేశారు. మూడోసారి పోశాక గానీ ఆయన తల ఎత్తలేదు.

"రిబ్కా ఎవతె?" అంది బాలనర్సమ్మ, గుడంతా వినబడేట్టు.

ఆరాధన అయ్యాక అందరూ అయ్యగారి గదిలో చేరారు.

"ఇంకోసారి పొయ్యరాదుండ్రి అయ్యగారూ! నీళ్లకేమన్న కరువా?" అంది బాలనర్సమ్మ.

"ఒక్కసారేనమ్మా పోసేది. పోసిన పేరు పోసినట్టే." గురవయ్యగారు రిజిస్టరు తెరిచి కలం పట్టుకుని కూర్చున్నారు. "ఇంగ్లండుకు ఏమని రాయమంటారు?"

ఈదయ్య కప్పు వైపు చూశాడు.

బాలనర్సమ్మ భాగ్యవతి వైపు తిరిగింది. "ఒక్క మాట! పంతులమ్మ కొలువు చేయబోతున్నవ్, ఒక్క మాట యాదికుండలేదా? గా పేరు యాడికెళ్లి తెచ్చినవ్?"

"నోటికి అదే వచ్చింది అత్తమ్మా."

"పరేషాన్ చేసి పెట్టినవ్ గదనే!"

ప్రేమలత వచ్చి బిడ్డను తీసుకుంది. గౌను అంచు భాగ్యవతి గాజుకు తగులుకుంటే, తల ఎత్తకుండానే విడదీసుకుని వెళ్లిపోయింది. అయ్యగారు రిజిస్టరులో రిబ్కా అని రాసి, సిరా ఆరేదాకా ఊదారు.

మర్నాడు పొద్దున మొదటి బస్సు. సాగనంపడానికి ఎవరూ రాలేదు. పెన్‌పహాడ్ దాటాక బస్సు ఖాళీ అయింది. భాగ్యవతి కిటికీ వైపు తిరిగి, పైట చాటున రవికె తడిమి చూసుకుంది. పొడిగానే ఉంది.

కోదాడలో తొమ్మిది రోజులు రిబ్కా అని పిలుచుకుంటూ కూతురికి తానిచ్చిన పాలు, ఇంకిపోవాలని రవికెలో మల్లెపూలు కట్టగా కట్టగా, ఇవాళ్టికి ఆగిపోయాయి.