కార్సికా దారిలో

తల్లీకొడుకులు సెలవులకు కార్సికా దీవికి వెళ్తుంటే, నడిసముద్రం మీద వాళ్ల చిన్న విమానం ఇంజను దగ్గింది.

"అమ్మా, వెనక్కి తిప్పెయ్!" బాస్టియన్ అరిచాడు.

"వెనక్కైనా ముందుకైనా అంతే దూరంరా. ఇంజన్లో మంచు పట్టింది, వేడిగాలి వదిలాను, కరగాలి. లైఫ్ జాకెట్ తొడుక్కో," అంది విమానం నడుపుతున్న మిరేయి.

"మరి నీది?"

"చేతులు ఖాళీ లేవు."

అతనే తల్లికి తొడిగాడు. పట్టీ బిగిస్తుంటే ఆమె ఒళ్లంతా వణుకుతోంది. అమ్మకు భయమనేది తెలియదని ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాడు.

"నేనున్నాగా అమ్మా."

"ఉంటే ఆ ముల్లు చూసి ఎత్తెంతో చెబుతుండు నాన్నా."

"రెండు వేల అడుగులు... పంతొమ్మిది వందలు... పద్దెనిమిది..."

ఇంజను మళ్లీ దగ్గి, గాడిన పడింది.

"పద్దెనిమిది వందలు. పద్దెనిమిది వందలే అమ్మా!"

"ఆపకు, చెబుతూనే ఉండు," అంది ఆమె.

చక్రాలు నేలను తాకేదాకా అతను చెబుతూనే ఉన్నాడు.