పెళ్ళిమాటకి పెద్దదిక్కు

ఊళ్ళ మధ్య జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి మలుపు తిరిగేసరికి ఎస్పెన్ తల పైకప్పుకి ఠంగుమని తగిలింది.

బండిలో అందరూ నవ్వారు. ఎస్పెన్ కూడా నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

"ఏం బాబూ, పెళ్ళికొడుకులా తెల్ల బరోంగ్ చొక్కా తొడిగావు. మొహం చూస్తే చావింటికి వెళ్తున్నట్టుంది?" ఒళ్ళో పనసపండు పెట్టుకుని ఎదురుగా కూర్చున్న పెద్దాయన అడిగాడు.

ఎస్పెన్ నార్వే నుంచి ఓడల మరమ్మతు పని మీద వచ్చి ఈ దీవుల్లోనే స్థిరపడ్డాడు. భాష వచ్చు. బండెక్కినవాళ్ళు సొంత విషయాలు అడుగుతారనీ, చెప్పకపోతే చిన్నబుచ్చుకుంటారనీ తెలుసు.

అందుకని ఉన్నదంతా చెప్పేశాడు.

మరిసోల్‌ని పెళ్ళి చేసుకోవాలి. "ఒంటరిగా వచ్చినవాడితో పెళ్ళిమాట మాట్లాడను, పెద్దవాళ్ళతో రా" అన్నాడు ఆమె తండ్రి క్రిసాంతో. ఎస్పెన్‌కి తల్లీతండ్రీ లేరు. అతను అద్దెకుండే ఇంటి యజమాని దంపతులు వస్తామన్నారు. తీరా పొద్దున్నే వాళ్ళ కూతురికి నొప్పులు మొదలై, ఆస్పత్రికి పరుగెత్తారు.

"ఇంకో రోజు వెళ్ళరాదూ?"

"ఇవాళ మాట తప్పితే ఇంకెప్పుడూ రావద్దన్నారు."

"అయ్యో, నేనొద్దును గానీ చేపలు పాడైపోతాయి నాయనా!" పక్కన బుట్టతో కూర్చున్నావిడ నిజంగానే బాధపడింది.

"ఏ ఇల్లు?" అన్నాడు పెద్దాయన.

"తయాబాస్‌లో. చర్చి వెనకాల మెట్ల ఇల్లు. మరిసోల్ అమ్మమ్మగారిది."

పెద్దాయన తల తిప్పి కిటికీలోంచి కొబ్బరితోటల వైపు చూశాడు.

"పద, నేనొస్తాను" అన్నాడు.

"మీరా? మీరెక్కడికో వెళ్తున్నారుగా?"

"మా చెల్లెలింటికి. దాని అలక తీర్చడం నాకు అలవాటే. చేతిలో అదేమిటి?"

"చాక్లెట్లు."

"పిల్లనడగడానికి చాక్లెట్లా! ఇవాళ వాళ్ళ పొయ్యి వెలగకూడదయ్యా. వంట మనమే పట్టుకెళ్ళాలి."

దిగీ దిగగానే బజారులో అరిటాకు పొట్లాలలో వేయించిన సేమియా, కొబ్బరిపాల అన్నం కొనిపించాడు. పనసపండు తనే భుజానికెత్తుకున్నాడు.

ఇంటి దగ్గరికి వచ్చాక మాత్రం కింది మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఎక్కండి" అన్నాడు ఎస్పెన్.

"ముందు ఇంటివాళ్ళు పిలవాలి."

మరిసోల్ తల్లి పసితా తలుపు తీసింది. ఎస్పెన్‌ని చూసింది. పెద్దాయన్ని చూసింది. తలుపు పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది.

"రండి" అంది. "ఇద్దరూ పైకి రండి."

క్రిసాంతో ఎస్పెన్ చాచిన చేతిని పట్టించుకోలేదు. పెద్దాయన వైపు తిరిగాడు.

"మీరితనికి ఏమవుతారు?"

"రక్తం అడిగితే ఏమీ కాను. రేపు వీడేదైనా తేడా చేస్తే మాత్రం మీరొచ్చి తట్టాల్సింది నా తలుపే."

క్రిసాంతో కుర్చీని కాస్త ముందుకి జరుపుకున్నాడు.

"మంచుదేశం వాడు. పిల్లని తీసుకుని ఎగిరిపోతే?"

"ఎగరడం దాకా ఎందుకు? వీడికింకా జీప్నీలో కూర్చోవడమే చేతకాలేదు. నెత్తి మీద బొప్పి చూడండి."

గది తలుపు వెనక మరిసోల్ కిసుక్కున నవ్వింది.

"మన తిండి తింటాడా? ఎండుచేప?"

"తింటాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. మళ్ళీ వడ్డించమంటాడు."

ఈసారి క్రిసాంతోకే నవ్వాగలేదు. కొబ్బరిసారా సీసా, ఒకే ఒక్క గ్లాసు తెప్పించాడు. గ్లాసు చేతులు మారుతూ తిరిగింది. ఎస్పెన్ వంతు వచ్చేసరికి దగ్గుతో ఇల్లు అదిరింది. పసితా నీళ్ళు తెచ్చిచ్చింది.

చివరికి క్రిసాంతో గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే ఆదివారం రా. పెరట్లో దుంగలున్నాయి, కొట్టాలి. మా ఇంట్లో నీళ్ళు కూడా తోడాలి."

ఎస్పెన్ మొహం వాడిపోయింది. పిల్లనడిగితే కూలిపని చెబుతున్నాడేమిటి!

పెద్దాయన మోచేత్తో పొడిచాడు.

"అల్లుడికి తప్ప ఎవరికి చెబుతారయ్యా అలాంటి పని? ఒప్పుకున్నాడు. ఆయన చెయ్యి నుదుటికి ఆనించుకుని దీవెన తీసుకో!"

ఎస్పెన్ ఒక్క ఉదుటున వంగాడు. క్రిసాంతో చేతిని నుదుటికి ఆనించుకుని మళ్ళీ వదల్లేదు.

"చాల్లేవయ్యా, సాయంత్రం దాకా ఇలాగే ఉంటావా?" అన్నాడు క్రిసాంతో, కళ్ళు తుడుచుకుంటూ.

మరిసోల్ పరుగెత్తుకొచ్చింది. ఇరుగుపొరుగు వాళ్ళొచ్చారు. ఎవరో గిటారు తెచ్చారు. పనసతొనల వాసన ఇల్లంతా కమ్మేసింది.

ఆ సందడిలో పెద్దాయన చల్లగా లేచాడు. పసితా అరిటాకులో అన్నం కట్టి గుమ్మం దగ్గర అందించింది. ఆయన రెండు చేతులా అందుకుని, మెట్లు నెమ్మదిగా దిగి వెళ్ళిపోయాడు.

ఎస్పెన్ చూసుకునేసరికి ఆయన లేడు. వీధి చివరిదాకా పరుగెత్తాడు. జీప్నీ అప్పుడే మలుపు తిరిగిపోయింది.

రొప్పుతూ వెనక్కి వచ్చేసరికి పసితా ఇంకా మెట్ల మీదే ఉంది.

"ఎంత పొరపాటు చేశానమ్మా! నాకోసం తండ్రిలా మాట్లాడాడు. కనీసం పేరైనా అడగలేదు."

లోపల క్రిసాంతో గొంతెత్తి పాడుతున్నాడు. పసితా అటోసారి చూసి నవ్వుకుంది.

"మార్సెలో" అంది. "నా పెళ్ళికి ముందు, నన్నడగడానికి వచ్చాడు బాబూ. వెంట పెద్దవాళ్ళెవరూ లేరని మా నాన్న ఆయన్ని ఈ కింది మెట్టు మీంచే పంపించేశాడు."