హనష్ పిల్ల

"టీలో మరియమియ్యా ఆకు వేశానంటే వేశాను. గ్లాసులో వెతుక్కుంటే ఎలా కనబడుతుంది? కెటిల్లో ఉంటుంది గాని!" అంది ఫిద్దా.

"వేస్తే వాసన రావాలిగా అమ్మా? నాన్నని అడుగు," అన్నాడు ముత్లఖ్.

"మీ నాన్నకి పాముల వాసన తప్ప ఇంకేం తెలుసు?"

సువైలిం నవ్వాడు. ముప్ఫై ఏళ్ళ కొడుకూ తల్లీ పొద్దున్నే ఆకు కోసమో ఉప్పు కోసమో వాదులాడుకోవడం ఆ ఇంట్లో కొత్త కాదు.

"సువైలిం మామా!" గేటు అవతలి నుంచి టమాటా తోట నాయిఫ్ కేకేశాడు. "మోటారు గదిలో పాము. చిన్నదే, కానీ నల్లగా ఉంది."

మృత సముద్రం పక్కన ఆ లోయ ఊళ్ళలో ఎక్కడ పాము కనబడినా ముందు ఆ గేటు దగ్గరికే వస్తారు. సువైలింకి మోకాళ్ళు అరిగిపోయాక, రెండేళ్ళుగా వెళ్ళేది ముత్లఖ్. లారీ నడిపేవాడికి పట్టడం వచ్చింది గాని పోల్చడం రాలేదు. చేతులు వాడివి, కళ్ళు నాన్నవి. వాడు పట్టి తెస్తే, అది ఏదో సువైలిం చెబుతాడు. విషమున్నదైతే ఎడారిలో వదిలి రావాలి. హనష్ అయితే రైతే బతిమాలి మళ్ళీ తోటలో వదిలించుకుంటాడు. విషం లేని ఆ పొడుగాటి నల్లపాము ఎలుకల్ని ఉండనివ్వదు.

పావుగంటలో ముత్లఖ్ నడుచుకుంటూనే వచ్చాడు. వెనకాలే నాయిఫ్. ముత్లఖ్ ఒక చేతిలో ఊరగాయ సీసా, అందులో పాము. రెండో చేతి బొటనవేలిని చొక్కా అంచుతో నొక్కిపట్టాడు.

"మెడ వెనకే పట్టుకున్నాను నాన్నా. అది నోరైనా తెరవలేదు. ఎలా గీరిందో మరి!"

ఫిద్దా చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

సువైలిం సీసా అందుకున్నాడు. రెండు జానల పాము, బొగ్గు నలుపు. సీసాని వెలుతురు వైపు తిప్పి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"హనష్. పిల్లది," అన్నాడు. "విషం లేదు."

"అల్లా చల్లగా చూశాడు," అంటూ ఫిద్దా గుమ్మంలోనే చతికిలబడింది.

"అయినా ధనుర్వాతం సూది వేయించాలి. నాయిఫ్, నీ పికప్ తీసుకురా. వెంటనే." కొడుకుని అరుగు మీద కూర్చోబెట్టి, వీపు వెనక రెండు తలగడలు వేశాడు. ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. "నువ్వూ ఇటు రా," అన్నాడు భార్యతో.

"పొయ్యి మీద పప్పుంది."

"మాడితే మాడనీ. వాడి పక్కన కూర్చో."

"హనష్ పిల్ల కరిచిందని తెలిస్తే లారీల దగ్గర తలెత్తుకోలేనమ్మా," అన్నాడు ముత్లఖ్.

"తాచుపాము అని చెప్పరా. పెళ్ళి సంబంధాలైనా వస్తాయి."

"తాచు కరిచినవాడికి పిల్లనెవరిస్తారు?"

"కరిచినా బతికినవాడికి ఇస్తారు. పోయినసారి వచ్చిన సంబంధం ఏమైంది? నీ గురక గురించి వాళ్ళకి ఎవరు చెప్పారో గాని..."

వాడు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే పక్కకి వంగి కక్కుకున్నాడు. నుదురంతా చెమట.

"ఖాళీ కడుపు," అన్నాడు సువైలిం. "ఏం కాదురా."

"గుండె పట్టేసినట్టుంది నాన్నా."

"గబగబా నడిచొచ్చావుగా. అమ్మ మీద ఆనుకో."

సందు చివర పికప్ హారన్ మోగేసరికి ముత్లఖ్ తల ఆమె భుజం మీదికి వాలింది. నిద్రపట్టిందనుకుని, కదిలితే లేస్తాడేమోనని, ఫిద్దా బిగదీసుకుని కూర్చుంది.

పట్నం ఆసుపత్రిలో డాక్టరు సీసా చూసి తల అడ్డంగా ఊపాడు. అది హనష్ కాదు. నేల లోపల తిరిగే విషపు పాము. మెడ దగ్గర పట్టుకున్నా, నోరు మూసుకునే పక్కకోరతో గీరుతుంది.

మూడు రోజులు పరామర్శకి జనం వస్తూనే ఉన్నారు. చక్కెర లేని కాఫీ, ఖర్జూరాలు. మగవాళ్ళ గదిలో మాటలు గోడ దాటి ఫిద్దాకి వినబడుతూనే ఉన్నాయి.

"హనష్ పిల్లకి ఒంటినిండా మచ్చలుంటాయని మా మనవడికి కూడా తెలుసు. నలుపు పెద్దయ్యాకే కదా వచ్చేది?"

"కళ్ళు పోయాయి. ఒప్పుకోడానికి పొగరు."

సువైలిం ఎవరికీ ఎదురు చెప్పలేదు. నాదే తప్పు అన్నాడు, వచ్చిన ప్రతివాడితోనూ.

నాలుగో రోజు ఇంట్లో ముగ్గురే మిగిలారు. కరక్ నుంచి వచ్చిన ఫిద్దా అన్న దియాబ్ మూడోవాడు. పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. పప్పు కలిపి వండిన అన్నం, పెరుగు. ఎవరూ తినడం లేదు.

"అన్నయ్యా," అంది ఫిద్దా, "భోజనం కాగానే నేనూ నీతో వచ్చేస్తాను. ఇక ఈ ఇంటికి తిరిగి రాను."

దియాబ్ బావగారి మొహంలోకి చూశాడు.

"ముత్లఖ్ అమ్మా..." అన్నాడు సువైలిం.

"అలా పిలవకు నన్ను. చూపు ఆనడం లేదని ఒక్క ముక్క అనుంటే, బండి కోసం రోడ్డు దాకా వాడిని మోసుకెళ్ళేదాన్ని. మందు ఇప్పించేదాన్ని. కొడుకు పోతుంటే పక్కన కూర్చుని వాడి గురక మీద వేళాకోళమాడాను. అదీ నువ్వు నా చేత చేయించింది!"

సువైలిం చేతిలోని ముద్దని పళ్ళెంలో పెట్టేశాడు.

"నా చూపుకేం కాలేదు ఫిద్దా, సీసా చేతికి రాగానే పోల్చుకున్నాను, దాని కాటుకి మందు లేదు."