అందరి బేకరీలో ఎన్నిక

"ఈ ఒక్కసారికి నా మాట కాదనకు వదినా," పిండి కలుపుతున్నావిడ ముందు చేతులు జోడించాడు మేనేజరు. "ఏడాదంతా మీ అందరికీ గొడ్డుచాకిరీ చేశాను. ఆ విశ్వాసమైనా ఉండొద్దా?"

"ఎందుకుండదయ్యా? ముందు ఈ మిక్సర్ బెల్టు సంగతి చూడు. పొద్దున్నించీ జారిపోతోంది."

ఆయన పళ్ళు నూరుకుంటూ బెల్టు బిగించడానికి వంగాడు.

ఆ బేకరీకి యజమాని లేడు. పనివాళ్ళంతా కలిసి కొనుక్కుని నడుపుకుంటున్నారు. జీతం సమానం, లాభం సమానం, ఓటు సమానం. మేనేజరుని ఏడాదికోసారి చేతులెత్తి ఎన్నుకుంటారు. ఈసారి పోటీ ఇప్పుడున్న మేనేజరుకీ, పొయ్యి దగ్గర పనిచేసే ఆయన బావమరిదికీ మధ్య. నాలుగు రోజులుగా రొట్టెలు మాడుతున్నా ఇద్దరికీ పట్టడం లేదు. ఏ బల్ల దగ్గర చూసినా వీళ్ళ ప్రచారమే.

మేనేజరు అటు వెళ్ళాడో లేదో, బావమరిది ఇటు ఊడిపడ్డాడు. "మా బావ మాటలకి పడిపోకక్కా! నా పెళ్ళాంబిడ్డల మొహం చూసైనా ఆలోచించు."

కొత్తగా చేరిన అమ్మాయి ముక్కున వేలేసుకుంది. "జీతం ఒకటే అయినప్పుడు ఆ కుర్చీ కోసం ఇంత గోలేంటి పిన్నీ?"

"అందులో కూర్చుంటేగానీ తెలీదమ్మా," అంది పిండి కలిపే ఆవిడ.

అందరికంటే నలిగిపోయింది మేనేజరు భార్య. ఆవిడా అక్కడే ప్యాకింగ్ చేస్తుంది. ఒకవైపు కట్టుకున్నవాడు, మరోవైపు తోడబుట్టినవాడు.

"మన కాపురం సవ్యంగా సాగాలంటే ఓటు ఎవరికెయ్యాలో ఆలోచించుకో," అన్నాడు భర్త ఇంట్లో.

"నా ఓటు నా ఇష్టం!" ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. "ప్రజాస్వామ్యం లేని సోషలిజం ఉప్పులేని రొట్టె అని ఊదరగొట్టింది మీరే కదా?"

"అన్నాను, బుద్ధి గడ్డితిని!"

ఎన్నిక రోజు సాయంత్రం యంత్రాలు ఆపి అందరూ చేరారు. పోటీలో ఉన్నవాళ్ళకి ఓటు లేదు. చేతులు లెక్కపెట్టే పని మేనేజరు భార్యకే పడింది. ఒక్కో చెయ్యీ లేస్తుంటే ఆయనకి ముచ్చెమటలు పోశాయి. తీరా చూస్తే రెండువైపులా సరిసమానం. మిగిలింది ఆవిడ ఓటొక్కటే.

తమ్ముడు దీనంగా చూశాడు. భర్త అందరి ముందూ నోరు తెరవలేక కళ్ళతోనే బతిమాలాడు. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చివరికి భర్తవైపు వేలు చూపించింది.

"ఈయనకే."

చప్పట్లు మారుమోగాయి. తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గెలిచిన మేనేజరు కుర్చీలో కూలబడి భార్యవంక చూశాడు.

"కట్టుకున్నవాణ్ణని కూడా చూడకుండా నాకే వేస్తావా!"