రెండో పేజీ

అన్యాయం ఎవరికి జరిగింది? ఎర్రమ్మకు. చేసిందెవరు? పుణ్యవతి టీచర్. ఎలా?

నలభై ఏళ్ళ కిందటి మాట. గోపాల్‌పూర్ బడి, రెండో తరగతి. ఎర్రమ్మ చేపలు పట్టేవారి పిల్ల. బోర్డు మీది అక్షరాలు ఆ పిల్లకు తెల్లటి మసకగా తప్ప కనిపించేవి కావు. అందరికీ అలాగే కనిపిస్తాయనుకునేది. పక్కవాళ్ళు చదివింది విని, కంఠస్థం చేసి, తన వంతు వచ్చినప్పుడు అప్పజెప్పేది.

ఒకనాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టీచర్ బోర్డు మీద కొత్త వాక్యం రాసి ఎర్రమ్మను లేపింది. ఎర్రమ్మ నిన్నటి వాక్యాన్ని గట్టిగా చదివింది. క్లాసంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరూ నవ్వాడు.

అతడు వెళ్ళాక టీచర్ ఎప్పట్లాగే పొడిగా దగ్గి, స్కేలు తీసింది. వేళ్ళ కణుపుల మీద పన్నెండు దెబ్బలు. రిజిస్టరులో ఆ పేరు ఎదుట 'మందబుద్ధి' అని రాసి, పేరు కొట్టేసింది. "దీన్ని ఎండుచేపల దగ్గర కూర్చోబెట్టుకో" అని తల్లికి చెప్పింది. కళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

ఇక ఈనాటికి వద్దాం.

బరంపురం, బడా బజారు. బట్టల కొట్టు మీద ఒక గది. చూపులేని పెద్దవాళ్ళకు బ్రెయిలీ, అంటే వేళ్ళతో చదివే చుక్కల లిపి, నేర్పే క్లాసు. ఉదయం పది గంటలు. కింద రిక్షాల బెల్లులు మోగుతున్నాయి.

మూడో బెంచీలో ఆమె చేతులు వణుకుతున్నాయి.

ఆమెకు చూపు పూర్తిగా పోయి రెండేళ్ళయింది. క్లాసులో చేరి నాలుగు నెలలు. మొదటి రోజు మేడమ్ తన పేరు చెప్పింది. ఆ పేరు విన్నాక ఆమెకు కంటిమీద కునుకు లేదు. తన పేరు చెప్పడానికి నోరు రాక 'శాంతి' అని రాయించింది. ఆ రోజు నుంచి ఈ గదిలో గుసగుసగా తప్ప మాట్లాడలేదు.

ఈరోజు పరీక్ష. ఒక పేజీ తప్పుల్లేకుండా చదవాలి. చదవలేనివారి చోటు వేరొకరికి ఇస్తారు. చేరడానికి ఇరవై మంది ఎదురుచూస్తున్నారు. ఈ గది దాటితే ఆమెకు ఇక అక్షరం లేదు.

పక్కన తవిటయ్య. హుమ్మలో ఉప్పు మడుల కూలీ. అతని వంతు అయిపోయింది. గట్టెక్కాడు.

"ఏటప్పా, అంత బయమేటి? ఒడియా 'క', తెలుగు 'క', సుక్కల్లో రెండూ ఒకటే కదా! మా ఆడది ఒడియా, నేను తెలుగు. ఇంట్లో రోజూ గొడవే. ఈ కాయితం మీదే మేం కలిసింది."

వెనక ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఎన్నో కలాసు దాకా సదివినావేటి?"

ఆమె కొంగు సరిచేసుకుంది.

"శాంతిగారూ, మీ వంతు," అంది మేడమ్.

చెప్పుల చప్పుడు బెంచీ పక్కకు వచ్చి ఆగింది. ఒక చెయ్యి బెంచీ తడుముతూ వచ్చి ఆమె వేళ్ళను తాకింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. స్కేలు దెబ్బ కణుపు మీద పడితే పిల్లల చెయ్యి ఎలా ముడుచుకుపోతుందో ఆమెకు బాగా తెలుసు.

"ఇక్కడ కొట్టడాలు లేవు," అంది మేడమ్. "వేళ్ళు పెట్టండి."

ఆ మాటకు ఆమె భయం రెట్టింపయింది.

పెట్టింది. మొదటి లైను గడిచింది. రెండో లైనులో వేలు ఆగిపోయింది. చుక్కలన్నీ ఒకటైపోయాయి.

"నొక్కకండి. నొక్కితే చుక్క అణిగిపోతుంది. తాకితే చాలు."

మేడమ్ వేళ్ళు ఆమె వేళ్ళకు ఒక అక్షరం ముందు నడుస్తున్నాయి. తొందరపెట్టడం లేదు. ఆమె ఆ వేళ్ళ వెనకే వెళ్ళింది. ఒక మాట దొరికింది. ఇంకొకటి దొరికింది. అలా దొరుకుతుంటే జాగ్రత్త మరిచిపోయింది. గొంతు లేచింది. చివరి నాలుగు లైన్లూ వెనక బెంచీ దాకా ఖణీమని మోగాయి.

పేజీ అయిపోయింది. అప్పుడు గాని తన గొంతు తనకు వినబడలేదు.

మేడమ్ చెయ్యి కాగితం మీదే ఆగి ఉంది.

"మేడమ్..." అంది ఆమె. "నా పేరు శాంతి కాదు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి. గొంతు దాచారు. దగ్గు దాచలేకపోయారు."

ఆమె లేవబోయింది. "నాలుగు నెలలూ తెలిసి కూడా... మరి నన్ను పంపెయ్యలేదేం?"

ఆమె భుజం మీద చెయ్యి పడింది. బలంగా, కానీ నెమ్మదిగా ఆమెను తిరిగి కూర్చోబెట్టింది. ఇంకో చెయ్యి కాగితం తిప్పింది.

"ఒక్క తప్పు లేదు. మీరు పాసయ్యారు."

ఆమె ఏడుస్తోంది.

"ఇంకా ఆ వణుకేటి? రెండో పేజీ సదవండి, పుణ్యవతి టీచర్‌గారూ," అంది ఎర్రమ్మ.